బాంబు బాటలో పదకొండు రోజులు

రెండువేల పద్దెనిమిది, మే నెల. అప్పటికి నేను సూర్యాపేటలో బీడీ టీంలో ఏఎస్సైని. బీడీ టీం అంటే బాంబులు వెతికి తీసేసే బృందం. ఒక పాత వ్యాను, ఐదుగురు మనుషులు, ఒక కుక్క. అంతే మేము. ఆ పనిలో అప్పటికే నాకు పంతొమ్మిదేళ్ళు గడిచాయి.

జనం అనుకునేంత హడావిడి ఈ ఉద్యోగంలో ఉండదు. ఎవరైనా పెద్దమనిషి సభకు వస్తున్నాడంటే ముందురోజే వెళ్ళి వేదిక కింద పాకుతాం. కుర్చీలు తిరగేస్తాం, పూలకుండీల్లో చెయ్యి పెట్టి చూస్తాం, మైకు డబ్బాలు విప్పుతాం. దీన్ని ఏఎస్ చెక్ అంటారు. నేను తిరగేసిన కుర్చీలకు లెక్క లేదు. ఒక్కదాని కింద కూడా ఏమీ దొరకలేదు. ఏమీ దొరక్కపోవడమే మా పనికి ఫలితం కాబట్టి దానికి మెప్పూ ఉండదు, మాకు సంబరమూ ఉండదు. మోకాళ్ళు మాత్రం అరుగుతాయి. మా ఇల్లు మిర్యాలగూడలో. వారానికోసారి వెళితే మా ఆవిడ మొదట అడిగేది నొప్పుల నూనె అయిపోయిందా అనే.

నిజంగా మట్టిలో పాతిన మందుపాతర దగ్గరికి నేను వెళ్ళింది సర్వీసు మొత్తంలో నాలుగైదు సార్లే. వాటిలో ఈ కేసును మాత్రం రిటైరయ్యాక కూడా మరిచిపోలేకపోతున్నాను. ఇందులో మనుషుల పేర్లు మార్చాను. తండా పేరు చెప్పడం లేదు.

పెన్‌పహాడ్ వైపు ఒక గుట్ట వెనకాల ఉంది ఆ తండా. దానికి తారు రోడ్డు మంజూరైంది. వాగు దగ్గర నుంచి పాత బండ్ల బాటను జేసీబీతో చదును చేసుకుంటూ వస్తుంటే, గుట్ట మొదట్లో బకెట్టుకు ఏదో చుట్టుకుంది. చూస్తే జంట తీగ. మట్టిలోంచి బారెడు పొడవున పైకి లేచింది. డ్రైవరు ఇంజను ఆపి, బండి అక్కడే వదిలేసి పరుగెత్తాడు. ఆ మధ్యాహ్నమే మాకు ఫోనొచ్చింది.

మేం వెళ్ళేసరికి తండా పెద్ద రూప్లా నాయక్ బాట మొదట్లోనే నిలబడి ఉన్నాడు. అరవై దాటిన మనిషి, చేతిలో కర్ర.

"కొత్త సంగతేం కాదు సార్ ఇది," అన్నాడు. "దీన్ని బాంబు బాట అంటం. అన్నలున్న కాలంల పోలీసు జీపు కోసం పెట్టిండ్రు. జీపు రాలే. అన్నలు గూడ పోయిండ్రు. అది మాత్రం గాడ్నే ఉన్నది."

"ఎక్కడుందో తెలుసా?"

"ఎరుకైతే దాని పక్కపొంటి నడ్సెటోళ్ళం గద సార్."

ఆ బాట గుట్టకూ దాని పిల్లగుట్టకూ నడుమ ఇరుకు సందులోంచి పోతుంది. రెండు వైపులా నల్లటి బండలు. నడుమ ఎడ్లబండి పట్టేంత మట్టి బాట, వంద అడుగులు వేస్తే అవతలికి చేరతాం. ఆ వంద అడుగులు వేయలేక పాతికేళ్ళుగా తండావాళ్ళు గుట్ట చుట్టూ తిరిగి పోతున్నారు. రేషన్ బియ్యం నెత్తిన పెట్టుకుని, జ్వరమొచ్చిన వాళ్ళను మంచం మీద మోసుకుని, మొత్తం గుట్ట చుట్టూ.

తీగ దొరికింది కదా, దాన్ని పట్టుకుని పోతే బాంబు దగ్గరికే చేరతాం కదా అని మీకు అనిపించవచ్చు. మాకూ అదే అనిపించింది. కానీ అది మూరెడు మూరెడు ముక్కలైపోయి ఉంది. కొంత ఎలుకలు కొరికాయి, కొంత వేళ్ళు తెంపాయి. ఇంకొంత తండాలోనే రెండిళ్ళ ముందు కనబడింది, దాని మీద చీరెలు ఆరేసి ఉన్నాయి. ఎప్పుడో ఎవరో పీకి తెచ్చుకున్నారు. ఎవరన్నది ఎవరికీ గుర్తులేదు.

సాయంత్రం రూప్లా నాయక్ ఒక ఉపాయం చెప్పాడు. "గొర్లమందను బాట మీదికెల్లి కొడుదమా సార్? ఉంటే పేల్తది, లేకుంటే లేదు. గొర్లు పోతె పోతయి."

అందులో ఒక చిక్కుంది. ఇలాంటివి తొక్కితే పేలవు. తీగకు అవతలి కొసన మనిషి కాపు కాసి, జీపు దాని మీదికి వచ్చిన క్షణంలో బ్యాటరీ తగిలిస్తేనే పేలతాయి. వీటిని కమాండ్ వైర్ మైన్ అంటారు. వంద గొర్రెలు నడిచిపోయినా ఏమీ కాకపోవచ్చు. ఆ ధైర్యంతో రేపు రోడ్డు రోలరు దాని మీద ఊగినప్పుడు, పాతికేళ్ళ తుప్పు పట్టిన డిటొనేటరు ఏం చేస్తుందో ఎవరూ చెప్పలేరు. గొర్రెలు దాటాయి కాబట్టి బాట మంచిదే అనుకోవడం కన్నా ప్రమాదం ఇంకోటి లేదని ఆయనకు వివరించాను. వింటూ తల ఊపాడుగానీ, మాకు ఎన్నిరోజులు పడుతుందోనని మా వ్యాను వంక అనుమానంగా చూశాడు.

రెండోరోజు డీప్ సెర్చ్ మెటల్ డిటెక్టరు దింపాం. నేల లోపల ఇనుముంటే కూత పెట్టే యంత్రం అది. అడుగు అడుగుకూ కూసింది. ఆ గుట్ట రాయిలోనే ఇనుము ఉంది. దానికి తోడు ఎన్నో ఏళ్ళు బండ్లు నడిచిన బాట కదా, ఎడ్ల నాడాలు, మేకులు, గొలుసు ముక్కలు. బండల మీద బోర్లా పడుకుని, చేతులు చాచి, ఒక్కో కూతకూ ఒక్కో చోట వేళ్ళతో మట్టి తీశాం. సాయంత్రానికి ఒక తట్టెడు తుక్కు పోగైంది. బాంబు లేదు.

మూడోరోజు కుక్క డాలీని దింపాం. ఆ ఎండకు బండలు పెనంలా కాలుతున్నాయి. దాని అరికాళ్ళకు గుడ్డలు కట్టాం. పావుగంటకే నాలుక వేలాడేసి నీడలో కూర్చుంది. దాని సంగతి చూసే కానిస్టేబుల్ లింగయ్య దాని తల నిమిరి, "దీనితోని కాదు సార్. వాసనంత మట్టి తాగింది," అన్నాడు.

నాలుగోరోజు ప్రాడర్లు తీశాం. ప్రాడర్ అంటే సన్నటి పొడవాటి ఊచ. నేలలోకి ఏటవాలుగా, మెల్లగా గుచ్చుకుంటూ పోవాలి. నిటారుగా గుచ్చకూడదు, బలం పెట్టకూడదు. గట్టిది తగిలితే ఆగాలి. ప్రపంచంలో ఎక్కడైనా మందుపాతర తీయడానికి ఇంతకన్నా చవకైన పనిముట్టు లేదు, ఇంతకన్నా నమ్మకమైనదీ లేదు. కానీ మెత్తటి నేల కావాలి. మే నెల ఎర్రనేల ఇటుకలా ఉంది. బలం పెట్టకుండా ఊచ దిగదు, బలం పెడితే మేం మిగలం. పొద్దు గూకేసరికి మేం చూడగలిగింది మంచమంత జాగా.

ఆ నాలుగు రోజులూ ఒక ముసలమ్మ మాకు దూరంగా తుమ్మచెట్టు కింద కూర్చునేది. పేరు మంగ్లి. పొద్దున వచ్చేది, మేం వ్యానెక్కేదాకా ఉండేది. పోతూ పోతూ ఒకటే అడిగేది.

"ఇయ్యాల అయితదా కొడుకా?"

"ఇయ్యాల కాదవ్వా."

"సరె తియ్."

ఆమె కోడలికి కాన్పు నొప్పులు వచ్చినప్పుడు మంచం మీద గుట్ట చుట్టూ మోసుకుపోతుంటే సగం దారిలో తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారని రూప్లా నాయక్ చెప్పాడు. ఈ సందులోంచి పోతే వాగు దాటగానే జీపు దొరికేదట. అది జరిగి పద్నాలుగేళ్ళు. ఆ సంగతి విన్నాక ఆమె ముఖం చూసి "ఇయ్యాల కాదు" అని చెప్పడం నాకు ఊచ గుచ్చడం కన్నా కష్టంగా ఉండేది.

ఐదోరోజు పని ఆపి తండాలో కూర్చున్నాను. నిజానికి మొదటిరోజే చేయాల్సిన పని అది. పెట్టినప్పుడు ఎవరైనా చూశారా అని ఇంటింటికీ అడిగాను. చాలామంది నోరు విప్పలేదు. యూనిఫాం వేసుకున్నవాడు పాత సంగతులు తవ్వితే ఎవరు చెబుతారు? చివరికి రూప్లా నాయకే గొంతు తగ్గించి చెప్పాడు.

"నేను గొర్ల కాడ ఉన్న సార్ గప్పుడు. వాగుల కెల్లి ముగ్గురు వచ్చిండ్రు. ఒక ఆడిపిల్ల ఉండె. పాల క్యాను నెత్తిన పెట్టుకొని వస్తుండె. మల్ల చూస్తె క్యాను లేదు."

నక్సలైట్ల దళంలో పనిచేసిన ఆడపిల్లలు ఆ చుట్టుపక్కల ఎక్కువమంది లేరు. రిటైరైన ఒక పాత హెడ్ కానిస్టేబుల్‌కు ఫోన్ చేస్తే వెంటనే గుర్తుపట్టాడు. "సైదమ్మ అయి ఉంటది. ఎప్పుడో వేరే జిల్లాల సరెండరైంది. ఆమె ఎంట ఉన్న ఇద్దరు మగోళ్ళు చచ్చిపోయిండ్రు. ఆమె కోదాడల టిఫిన్ బండి పెట్టుకొని బతుకుతుంది."

ఆరోరోజు పొద్దున్నే మామూలు చొక్కా వేసుకుని కోదాడ వెళ్ళాను. బస్టాండుకు కాస్త దూరంలో నీలం రంగు బండి. నలభై ఐదేళ్ళుంటాయేమో, గట్టి మనిషి. పెనం మీద నీళ్ళు చల్లి చీపురుతో ఊడుస్తోంది.

"ఇడ్లీ అయిపోయిందండి. దోశె వెయ్యనా?" అంది. పూర్తిగా కోదాడ మాట.

దోశె తిన్నాను. జనం పలచబడ్డాక నేనెవరో చెప్పి, గుట్ట సందు సంగతి చెప్పాను. ఆమె పెనం కింద మంట ఆర్పింది.

"ఇంటాయనకు తెలుసు సార్. పిల్లలకు తెలియదు," అంది. "నా పేరు పేపర్లో రాకూడదు. ఫోటోలు తియ్యకూడదు. అట్లయితే వస్తాను."

"ఎవరికీ చెప్పను."

"అది ఇంకా అక్కడే ఉందా సార్? ఎప్పుడో ఎవరో తీసేసి ఉంటారనుకున్నా. నిజంగా అట్లే అనుకున్నా."

ఏడోరోజు మొదటి బస్సుకే బయలుదేరి వచ్చింది. సూర్యాపేటలో దిగిన ఆమెను మా వ్యానులో ఎక్కించుకున్నాం. మా అందరికీ గిన్నెలో ఇడ్లీలు తెచ్చింది. తండా వాళ్ళకు సర్వే పని మీద వచ్చిన మనిషని చెప్పి, ఆ పూట సందు వైపు ఎవరినీ రానివ్వలేదు. రూప్లా నాయక్ మాత్రం చూడగానే గుర్తుపట్టాడు.

సందు మొదట్లో నిలబడి ఆమె కొండల వంక చూసింది.

"పైన గుండు ఉండాలి సార్. ఏనుగంత గుండు. దానికి ఎదురుగా పెట్టాం. గుండేదీ?"

గుండు లేదు. కంకర కోసం దాన్ని ఎప్పుడో పగలగొట్టి లారీల్లో తోలుకుపోయారని రూప్లా నాయక్ చెప్పాడు. ఆమెకున్న ఒక్క గుర్తూ పోయింది. కోదాడ దాకా వెళ్ళి, ఒక మనిషి ప్రశాంతంగా బతుకుతున్న బతుకును కదిలించి తెచ్చింది ఇందుకా అనిపించింది.

ఆమె నా వైపు తిరిగి, "సారూ, పాల క్యాను దొరుకుతదా?" అని అడిగింది. కోదాడ మాట పోయి వెనకటి మాట రావడం నేను గమనించాను.

తండాలో క్యాను దొరికింది. "నిండ మట్టి పొయ్యిండ్రి. గదే బరువుండాలె," అంది. నింపాం. చీర కొంగు చుట్ట చుట్టి నెత్తిన పెట్టుకుని, లింగయ్య ఎత్తితే క్యాను పెట్టించుకుంది. వాగులో ఇసుక దగ్గర నుంచి నడక మొదలుపెట్టింది. సందు వచ్చాక మట్టి మీదికి పోనివ్వకుండా పక్కన బండల మీదుగా నడిపించాం. బండ మీద ఎవరూ మందు పాతలేరు కాబట్టి అక్కడ భయం లేదు. నేను వెనకాలే నడిచాను. ఆమె ఎటూ చూడడం లేదు. ఒక చోట ఆగి మెడ సర్దుకుంది. మళ్ళీ నడిచింది. ఇంకో చోట ఎడమ చెయ్యి దించి కుడి చెయ్యి ఎత్తింది. అలా కొంత దూరం పోయాక టక్కున ఆగింది.

"గీడ," అంది. "గీడికి వచ్చేటాలకు మెడలు ఇరిగిపోయినయి. దింపుత అన్న. జర ఓపిక పట్టు, ఇగ గీడ్నే అన్నరు."

లింగయ్య ఆమె నెత్తి మీది క్యాను దించాడు. ఆ చోటుకు అటూ ఇటూ బండల మీద సున్నంతో గీతలు గీశాం. వంద అడుగుల బాట ఇరవై అడుగులైంది.

ముందు ఆ ఇరవై అడుగుల నేలను, దానితోపాటే మిగతా బాటను మెత్తబరచాలి. ట్యాంకరుతో ఒక్కసారిగా నీళ్ళు కొడితే మట్టి కొట్టుకుపోయి లోపలిది కదిలిపోవచ్చు. ఆలోచిస్తుంటే అవతల రూప్లా నాయక్ బత్తాయి తోట కనబడింది. డ్రిప్పు పైపులు! చెట్టు మొదట్లో చుక్క చుక్క వదిలే నల్లటి సన్న పైపులు. అటు బండ మీద ఒకరు, ఇటు బండ మీద ఒకరు నిలబడి తాళ్ళతో లాగుతూ, ఎవరూ మట్టి మీద కాలు పెట్టకుండా బాట అంతా పైపులు పరిచాం. దూరంగా ఎత్తు మీద డ్రమ్ములు పెట్టి నీళ్ళు వదిలాం. ఇది ఏ ట్రైనింగులోనూ నాకు నేర్పలేదు. పై ఆఫీసరుకు ఫోన్ చేసి చెబితే, "ఏమైనా అయితే నీదే బాధ్యత," అన్నాడు. ఆ మాట నాకు కొత్త కాదు.

ఎనిమిది, తొమ్మిది రోజులు నీళ్ళు చుక్క చుక్కగా దిగుతుంటే కాపలా కూర్చోవడమే పని. మిర్యాలగూడలో నాకు తెలిసిన బియ్యం మిల్లు నుంచి పాత గోనె సంచులు తెప్పించి వాగు ఇసుక నింపించాను. సైదమ్మ రెండు రోజులూ బండి మూసుకుని వచ్చింది. అవసరం లేదన్నా వచ్చింది. తుమ్మచెట్టు కింద మంగ్లి పక్కనే కూర్చునేది. మంగ్లి తన కోడలి సంగతి ఆమెకూ చెప్పింది. మంచం ఎవరెవరు మోశారో, ఎక్కడ ఆగారో, కోడలు ఎక్కడ మాట బంద్ చేసిందో, అన్నీ. ఆమెను ఏ సర్వే ఆఫీసు మనిషో అనుకుంది పాపం. చెప్పి చెప్పి, మూటలోంచి జొన్నరొట్టె తీసి సగం తుంచి ఇచ్చింది. సైదమ్మ ఆ రొట్టె ముక్క చేతిలో పట్టుకునే కూర్చుంది. తినలేదు.

ఆ సాయంత్రం వ్యాను దగ్గర నేను ఉండబట్టలేక అడిగాను. "సరెండరైనప్పుడే ఈ సంగతి చెప్పి ఉండాల్సింది కదమ్మా?"

ఆమె కోపగించుకోలేదు. "నన్ను మూడు రోజులు అడిగిండ్రు సారూ. పేర్లు అడిగిండ్రు. అన్నం ఎవ్వలు పెట్టిండ్రని అడిగిండ్రు. తుపాకులెన్ని అని అడిగిండ్రు. ఏడేడ పాతిండ్రని ఒక్కలు అడగలే. నేను చెప్పలే. చెప్తె ఇంకో కేసు అయితదని భయం. అయితే నా తప్పు లేదంటలేను."

ఆమె చెప్పినవి రాసుకున్నవాళ్ళూ నాలాంటి పోలీసులే. ఆ రోజు వాళ్ళూ అలసిపోయే ఉంటారు.

పదోరోజు పొద్దున నీళ్ళు ఆపి, బండ మీద నుంచి చూశాను. నేల అంతా సమంగా తడిసి నల్లబడింది. ఒక్కసారి తవ్వి పూడ్చిన మట్టి పాతికేళ్ళయినా అసలు నేలలా బిగుసుకోదు. నీళ్ళు తాగితే కిందికి కుంగుతుంది. సరిగ్గా సైదమ్మ ఆగిన చోటికి కొంచెం పైన బొచ్చె అంత వెడల్పున నేల కుంగి ఉంది. దానికి ఇవతల, వాగు వైపు, రెండు బారల దూరంలో అరచేయంత ఇంకో గుంట. పందికొక్కు బొక్క అనుకున్నాను. పది రోజుల ఎండ, నిద్ర లేని కళ్ళు. పెద్దది దొరికిందన్న ఆలోచనే తప్ప ఇంకేదీ బుర్రలో లేదు. అక్కడే మోకాళ్ళు ఆనించి పెద్ద గుంట దాకా ఊచ గుచ్చుకుంటూ పోదామని లెక్క వేసుకున్నాను.

బాంబు సూటు తొడుక్కునే ముందు మంచినీళ్ళు తాగడానికి వ్యాను దగ్గరికి వచ్చాను. సైదమ్మ ఎదురొచ్చింది.

"కనపడ్డదా సారూ?"

పుల్లతో నేల మీద గీసి చూపించాను. ఇదీ బండ, ఇదీ గుంట. అలవాటుగా రెండో దాన్ని కూడా గీశాను.

"ఇదేంది?"

"పందికొక్కు బొక్క."

ఆమె ఆ గీత దగ్గర కూర్చుండిపోయింది. "వాగు దిక్కా? ఎంత దూరం?"

"రెండు బారలు."

"ఆగు సారూ. జర ఆగు." నుదురు చేత్తో పట్టుకుంది. "నేను క్యాను దింపి నీళ్ళకని వాగులకు పోయిన. ఇంకొకాయన నా ఎంట వచ్చిండు. మా పెద్దన్న మాత్రం ఆన్నే ఉండె. శానసేపు ఉండె. పైకి పోయేటప్పుడు ఆయన సంచి బరువుండె. వచ్చేటప్పుడు మడతపెట్టి చంకల పెట్టుకున్నడు. ఏముండె అన్నా అని నేను అడగలే. గాడ అడుగుడు ఉండకపోయేది." తల ఎత్తి నా ముఖంలోకి చూసింది. "గది పందికొక్కుది కాదు సారూ. నువ్వు గా దిక్కు నుంచి పోవద్దు."

పెద్దదాన్ని తీయడానికి వచ్చేవాళ్ళ కోసం దాని ముందు చిన్నది పెట్టడం ఉంటుందని నేను చదువుకున్నాను. కొత్తవాళ్ళకు చెప్పాను కూడా. దాన్ని ప్రెషర్ మైన్ అంటారు. తీగ ఉండదు, మనిషి కాపు కాయడు, కాలో మోకాలో ఆనితే చాలు. చెప్పినవాణ్ణే దాని మీద మోకాలు ఆనించబోయాను.

బాట వైపు నుంచి కాకుండా పక్క బండ మీద బోర్లా పడుకుని, చేతులు మాత్రం కిందికి చాచి మొదలుపెట్టాను. తడిసిన నేలలోకి ఊచ వెన్నలోకి దిగినట్టు దిగింది. నాలుగో గుచ్చుకు గట్టిది తగిలింది. వేళ్ళతో, తర్వాత పెయింటు బ్రష్షుతో మట్టి తీశాను. తుప్పు పట్టిన రేకు డబ్బా అంచు కనబడింది. ఎంతసేపు పట్టిందో తెలియదు. హెల్మెట్ లోపల చెమట కళ్ళలో పడుతున్నా తుడుచుకునే వీలు లేదు. నాకు ఆ సమయంలో పెద్ద పెద్ద ఆలోచనలేవీ రాలేదు. మోకాళ్ళు బండకు ఒత్తుకుని నొప్పి పుడుతున్నాయి, అంతే.

సినిమాల్లోలా తీగలు కత్తిరించడం మేం చేయం. అవసరం లేకుండా దేన్నీ విప్పం. ఉన్నచోటే పేల్చేయడమే భద్రం, ఖర్చూ తక్కువ. పొడవాటి వెదురు కొసకు చిన్న మందు ముక్క కట్టి డబ్బా పక్కకు చేర్చాను. పెద్దదానికి అదురు తగలకుండా చుట్టూ ఇసుక సంచులు పేర్చాం. అందరినీ వాగు అవతలికి పంపి దూరం నుంచి పేల్చాం. గుట్ట అదిరింది. సంచుల ఇసుక పైకి లేచి మెల్లగా రాలింది. అది మా మందు ఒక్కటే పేలిన చప్పుడు కాదని నాకు తెలుసు, లింగయ్యకూ తెలుసు. అతను నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి తీసేశాడు.

పదకొండో రోజు పెద్దది తీశాం. చుట్టూ మట్టి తొలిచి, క్యానుకు కొక్కెం తగిలించి, పొడవాటి తాడుతో బండ వెనక నుంచి లాగాం. మూతకు తారు పూసిన పాల క్యాను దొర్లుకుంటూ బయటికి వచ్చింది. తుప్పుకు అడుగు చిల్లులు పడి ఉంది. వాగులో గొయ్యి తీసి అందులో పేల్చేశాం. ఆ మరునాటి కోసం ఏమీ మిగలకూడదని మళ్ళీ మొత్తం బాటను ఊచలతో వెతికి, నేనే ముందు ఆ వంద అడుగులూ నడిచాను. వెనకాలే లింగయ్య. తర్వాత డాలీ. తర్వాత తండా అంతా.

మంగ్లి అందరికన్నా వెనక వచ్చింది. సందు నడుమ, గొయ్యి దగ్గర ఆగింది. సైదమ్మ అప్పటిదాకా వ్యాను పక్కనే ఉంది. నేను వద్దని సైగ చేస్తున్నా వినకుండా ఆమె దగ్గరికి నడిచింది.

"అవ్వా," అంది. "నేను సర్వే మనిషిని కాదు. గా క్యాను మోసుకొచ్చింది నేనే."

నేను ముందుకు రాబోయాను. రూప్లా నాయక్ కర్ర అడ్డం పెట్టి నన్ను ఆపాడు.

మంగ్లి ఆమెను పై నుంచి కింది దాకా చూసింది. గొంతు పెంచలేదు.

"ఇన్నేండ్లు యాడున్నవ్ బిడ్డా?"

"కోదాడల."

"కోదాడ ఎంత దూరం?"

"బస్సుల రెండు గంటలు."

"రెండు గంటలా," అంది మంగ్లి. కర్ర ఊతంతో మెల్లగా నడుచుకుంటూ సందు దాటి, వాగు వైపు దిగింది. అవతల ఆమెకేం పని లేదు. కాసేపు అక్కడ నిలబడి మళ్ళీ అదే బాటలో వెనక్కి వచ్చింది. మా పక్క నుంచి పోతూ సైదమ్మ చెయ్యి పట్టుకుంది. అది క్షమించడమో, ఆసరాకు పట్టుకోవడమో నాకు తెలియలేదు. ఇద్దరూ కలిసి తండా దాకా నడిచారు. సైదమ్మ తిరిగి వచ్చాక ఆమెను వ్యానులో బస్టాండు దగ్గర దింపాం.

వానలకు ముందే రోడ్డు పడింది. పై నుంచి మా టీంకు ఒక ప్రశంసా పత్రం వచ్చింది. అందులో డిటెక్టరు పేరుంది, కుక్క పేరుంది, నా పేరుంది. ఆమె పేరు ఉండకూడదని అడిగింది నేనే. అయినా దాన్ని గోడకు తగిలించబుద్ధి కాలేదు.

ఆ తర్వాత నేను పనిచేసిన మిగతా ఏళ్ళలో ఎక్కడికి పిలిచినా యంత్రం దించకముందే ఊళ్ళో కూర్చునేవాణ్ణి. యూనిఫాం విప్పి, మంచం మీద కూర్చుని, పాత మనుషులతో మాట్లాడేవాణ్ణి. నాలుగు రోజుల డిటెక్టరు పని ఒక్కోసారి ఒక ముసలాయన గంటలో తేల్చేవాడు. పాతినది ఎక్కడుందో నేలకన్నా ముందు పాతినవాళ్ళకే తెలుసు. వాళ్ళను శిక్షించడానికి అడిగే ప్రశ్నలు వేరు, దాన్ని తీయడానికి అడిగే ప్రశ్నలు వేరు. రెండూ ఒకే మనిషి ఒకే గొంతుతో అడిగితే రెండో దానికి జవాబు రాదు.

రోడ్డు పడిన రెండు నెలలకు, ఒక వానరోజు, మరో సభకు కుర్చీలు తిరగేస్తుంటే ఫోన్ మోగింది. కోదాడ నంబరు.

"సారూ, నేను సైదమ్మను. ఇంకోటి యాదికొచ్చింది. హాలియా దిక్కు. రాసుకుంటవా?"

నాకు చాలా అలసటగా ఉంది. ఇంకా మూడు వరుసల కుర్చీలు మిగిలి ఉన్నాయి. ఉన్న చోటే తడి నేల మీద కూర్చుని, చొక్కా జేబులోంచి పెన్ను తీశాను. ఒకసారి అడిగి ఊరుకుంటే చాలదు, మనుషులకు తమకు వీలైనప్పుడే గుర్తొస్తుంది, ఆ రోజు ఫోన్ ఎత్తేవాడు ఒకడు ఉండాలి. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అదొక్కటే.

"చెప్పమ్మా," అన్నాను. "మెల్లగా చెప్పు. రాసుకుంటున్నాను."